డివైస్ ట్రీలో డీఫాల్ట్‌లు మార్చుకోవడం: నాలుగేళ్లు వాడాక

గడియారం గొడవతో మొదలైంది ఇదంతా. ఇంట్లో చిన్న సర్వర్‌గా వాడే ఆర్మ్ బోర్డుకు డీఎస్3231 అనే ఆర్‌టీసీ (కరెంటు లేనప్పుడూ టైమ్ గుర్తుంచుకునే గడియారం) చిప్‌ను, దాని బ్యాటరీతో సహా, ఐ2సీ పిన్నులకు (చిన్న చిప్‌లు ప్రాసెసర్‌తో మాట్లాడే రెండు తీగల దారి) తగిలించాను. అయినా కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ లాగ్ 1970 జనవరి 1 నుంచే మొదలయ్యేది, అంటే టైమ్ తెలియనప్పుడు లినక్స్ లెక్క మొదలుపెట్టే తేదీ. చిప్ పాడైందేమోనని ఇంకోటి తెచ్చి మార్చాను. అదే కథ.

పాపం, చిప్ తప్పేం లేదు. ప్రాసెసర్ లోపలే ఇంకో ఆర్‌టీసీ ఉంది, దానికి బ్యాటరీ లేదు. ముందు లేచేది అదే కాబట్టి ఆర్‌టీసీ0 అనే పేరు అది పట్టేసుకునేది. నా చిప్‌కు మిగిలింది ఆర్‌టీసీ1. బూట్ అయ్యేటప్పుడు కెర్నెల్ (లినక్స్ గుండెకాయ) టైమ్ అడిగేది మామూలుగా ఆర్‌టీసీ0ని. ఎవరు సున్నా, ఎవరు ఒకటి అన్నది తేల్చే చోటు డివైస్ ట్రీ, అంటే బోర్డు మీద ఏ హార్డ్‌వేర్ ఎక్కడుందో కెర్నెల్‌కు చెప్పే వివరాల చెట్టు. అక్కడి ఏలియస్‌లలో (మారుపేర్ల జాబితాలో) ఒక్క లైను మారిస్తే పని అయిపోతుంది. ఆ ఒక్క లైను ఎక్కడ రాయాలో సరిగ్గా తెలుసుకోవడానికి మాత్రం నాకు ఏడాది పట్టింది.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. పీసీలో చాలా హార్డ్‌వేర్ తన గురించి తానే చెప్పుకుంటుంది. ఇలాంటి బోర్డుల్లో ఐ2సీ మీదున్న చిప్ అలా చెప్పుకోదు. ఏ చిప్ ఏ అడ్రసులో ఉంది, ఏ పిన్ను దేనికి అన్నది ఎవరో ఒకరు రాసిపెట్టాలి. ఒకప్పుడు ఆర్మ్‌లో దీన్నంతా బోర్డుకో సీ ఫైలుగా కెర్నెల్‌లోనే రాసేవాళ్లు. 2011లో లైనస్ టోర్వాల్డ్స్ ఆ గందరగోళం మీద గట్టిగా విసుక్కున్నాక, ఓపెన్ ఫర్మ్‌వేర్ అనే పాత బూట్ ప్రమాణం కాలం నుంచి వస్తున్న డివైస్ ట్రీ వైపు ఆర్మ్ కూడా వేగంగా మళ్లింది. రాసేది డీటీఎస్ ఫైలు, దాన్ని డీటీసీ అనే కంపైలర్ కెర్నెల్ చదివే డీటీబీ అనే బైనరీ ఫైలుగా మారుస్తుంది. ఆ డీటీబీలో మొదటి నాలుగు బైట్లు హెక్స్‌లో చదివితే ‘డూడ్ ఫీడ్’ అని వస్తుంది. అర్ధరాత్రి ఫైలు పాడైందేమోనని హెక్స్‌డంప్ తీసినవాడికి ఆ సరదా అంతగా ఎక్కదు.

మొదటి ఏడాది నేను చేసింది అందరూ చేసేదే. కెర్నెల్ సోర్స్‌లో బోర్డు ఫైలు తెరిచి, కావలసినది మార్చి, డీటీబీ తయారు చేసి బూట్ పార్టిషన్‌లో పాతదాని మీద పడేశాను. గడియారం కుదిరింది. రెండు నెలల తర్వాత అప్‌డేట్‌లో కొత్త కెర్నెల్ వచ్చింది, దానితో పాటే దాని డీటీబీ కూడా. నా ఫైలు మాయం, మళ్లీ 1970. ఈసారి నా మార్పులను ప్యాచ్‌గా దాచుకుని, ప్రతి కెర్నెల్‌కూ వేసుకుంటూ వచ్చాను. 6.5 వెర్షన్‌లో 32-బిట్ ఆర్మ్ బోర్డుల డీటీఎస్ ఫైళ్లన్నిటినీ కంపెనీల వారీగా సబ్‌ఫోల్డర్లలోకి సర్దేశారు. మంచి పనే, కానీ నా ప్యాచ్ వెతికే ఫైలు ఉన్నచోట లేదు. ఇక ఈ పద్ధతికి దండం పెట్టేశాను.

అప్పటినుంచి ఓవర్‌లేలే వాడుతున్నాను. అసలు డీటీబీని ముట్టుకోకుండా, మన మార్పులను మాత్రం చిన్న ఫైలుగా రాసుకుంటే, బూట్‌లోడర్ (కెర్నెల్‌ను లేపే చిన్న ప్రోగ్రామ్) ఆ రెండింటినీ కలిపి కెర్నెల్‌కు అందిస్తుంది. అప్‌డేట్ వచ్చి అసలు డీటీబీ మారినా నా ముక్క అలాగే ఉంటుంది. ఇన్నేళ్లలో నాకు నచ్చిన ఒకే ఒక్క పెద్ద విషయం ఇదే, దీని కోసం మిగతావన్నీ భరించవచ్చు. భరించాల్సినవి కూడా తక్కువేం కాదు.

ఆర్‌టీసీ సంగతే చూడండి. మామూలు డీటీఎస్‌లో ఏలియస్‌కు ఎదురుగా లేబుల్ (ఆ చిప్‌కు పెట్టుకున్న పొట్టి పేరు) రాస్తే చాలు, కంపైలర్ దాన్ని చెట్టులో ఆ చిప్ ఉన్న పూర్తి దారిగా మార్చేస్తుంది. ఓవర్‌లేలో కూడా అలాగే రాశాను. కంపైల్ అయింది, బూట్ అయింది, గడియారం మాత్రం మారలేదు. కెర్నెల్‌కు అందిన చెట్టు ఫైళ్లుగా కనిపించే /ప్రోక్/డివైస్-ట్రీ కింద ఏలియస్‌ల ఫోల్డర్‌లో చూస్తే, ఆ దారి ‘ఫ్రాగ్మెంట్’ అన్న మాటతో మొదలైంది. అంటే నా ఓవర్‌లే ఫైలు లోపలి అడ్రసు అది, కలిపేసిన చెట్టులో అలాంటి కొమ్మే లేదు. లేబుల్ తీసేసి, అసలు చెట్టులో ఉండే పూర్తి దారిని కోట్స్‌లో రాశాను. తర్వాతి బూట్‌లో లాగ్ ఆ రోజు తేదీతో మొదలైంది. అనవసరంగా చాలాసేపు ఆ లైను వైపే చూస్తూ కూర్చున్నాను.

ఎక్కువగా విసిగించింది మాత్రం తప్పు జరిగినా చెప్పకపోవడం. ఒక సీరియల్ పోర్ట్‌ను ఆన్ చేయడానికి స్టేటస్‌లో ‘ఎనేబుల్డ్’ అని రాశాను. మనిషైతే అర్థం చేసుకునేవాడు. కెర్నెల్ ఒప్పుకునేది ‘ఓకే’ అన్న మాటనే, పొడుగ్గా రాసినా పొట్టిగా రాసినా సరే. అసలు ఆ లైనే లేకపోయినా ఆన్ అనే లెక్క. ఇంకేం రాసినా ఆఫ్. ఎర్రర్ లేదు, వార్నింగ్ లేదు. కెర్నెల్ సోర్స్ ఉంటే ‘మేక్ డీటీబీఎస్_చెక్’ ఇలాంటివి పట్టిస్తుంది, నాలాగా ఫోల్డర్‌లో ఓ మూల కూర్చుని రాసే ఓవర్‌లేను పట్టించుకునేవారెవరు?

విలువలు చూసుకోవడం కూడా మొదట్లో తికమకే. ఐ2సీ వేగాన్ని 100 కిలోహెర్ట్‌జ్ నుంచి 400కు పెంచాను. అది నిజంగా పడిందా అని /ప్రోక్/డివైస్-ట్రీలో ఆ విలువ ఉన్న ఫైలును క్యాట్ (ఫైలును తెరమీద చూపే ఆదేశం) చేస్తే పిచ్చి గీతలు వచ్చాయి. నంబర్లు అక్కడ బిగ్ ఎండియన్‌లో (పెద్ద స్థానం బైట్ ముందు), ముడి బైట్లుగా ఉంటాయి. హెక్స్‌డంప్‌తో చూస్తే 00 06 1ఏ 80, అంటే సరిగ్గా 4,00,000. మార్పు పడింది కానీ, నా వైర్లు పొడుగ్గా ఉండటంతో సెన్సర్ రీడింగ్‌లు మధ్యమధ్యలో ఎగిరిపోయేవి. నోరు మూసుకుని మళ్లీ 100కు వచ్చాను. డీఫాల్ట్ పెట్టినవాడికి ఏదో కారణం ఉండే ఉంటుందని అప్పటినుంచి ముందే అనుకుంటున్నాను.

ఓవర్‌లే సరిగ్గా కలవకపోతే ఏమవుతుందో కూడా తెలిసి ఉండాలి. అసలు డీటీబీని డీటీసీలో ‘-@’ ఆప్షన్‌తో తయారు చేయకపోతే అందులో లేబుళ్ల పట్టిక ఉండదు, అప్పుడు బూట్‌లోడర్ ‘నాట్ ఫౌండ్’ అని ఒక్క ముక్క చెప్పి కలపడం ఆపేస్తుంది. నేను వాడే బూట్‌లోడర్ యూ-బూట్‌లో అలా సగంలో ఆగితే మెమరీలో ఉన్న అసలు డీటీబీ కూడా చెడిపోయినట్టే, దాన్ని మళ్లీ లోడ్ చేసుకోవాలి. నా పాత బూట్ స్క్రిప్ట్‌లో ఆ జాగ్రత్త లేదు. ఒక సెమికోలన్ పోయినందుకు కాదు, ఒక లేబుల్ పేరు కొత్త కెర్నెల్‌లో మారినందుకు బోర్డు మొత్తం నోరు మెదపలేదు. సీరియల్ కేబుల్ పెట్టి చూస్తే తప్ప ఏం జరిగిందో తెలియలేదు. ఇలాంటి పని మొదలుపెట్టేవాళ్లు ముందు ఆ కేబుల్ పక్కన పెట్టుకోండి, మిగతావి తర్వాత.

ఇక ఓవర్‌లేతో అస్సలు కానిది ఒకటుంది, తీసేయడం. కలపవచ్చు, మార్చవచ్చు, ఉన్నదాన్ని లేకుండా చేయలేం. నా బోర్డులో ఒక రెగ్యులేటర్‌కు (చిప్‌కు కరెంటు అందించే భాగం) ‘ఆల్వేస్ ఆన్’ అని రాసి ఉంది. నేను వాడని వైఫై చిప్‌కు అది రోజంతా కరెంటు ఇస్తూనే ఉంటుంది. ఓవర్‌లేలో దానికి 0 పెట్టి చూశాను. ఫలితం లేదు. అది ఉందా లేదా అన్నదే కెర్నెల్ చూస్తుంది, ఎదురుగా ఏం రాసి ఉందన్నది కాదు. చివరికి బూట్ స్క్రిప్ట్‌లో, ఓవర్‌లేలన్నీ కలిపాక, యూ-బూట్ వాళ్ల ‘ఎఫ్‌డీటీ ఆర్‌ఎం’ ఆదేశంతో ఆ ఒక్క లైను పీకేస్తున్నాను. దానికీ పూర్తి దారి ఇవ్వాలి, ఆ దారి మారితే మళ్లీ నేనే వెతుక్కోవాలి. అప్‌డేట్ చేసిన ప్రతిసారీ వైఫై చిప్ మీద వేలు పెట్టి చూస్తాను, చల్లగా ఉంటే సరే.