ఖాజాగూడ గుట్టల్లో ఒక పూట: ట్రెక్కింగ్ బృందం సేవపై నా అభిప్రాయం

గత ఫిబ్రవరిలో ఒక ఆదివారం, మనిషికి 600 రూపాయలు చెల్లించి, హైదరాబాద్ నగరంలోని ఒక చిన్న ట్రెక్కింగ్ బృందంతో మా కుటుంబం అక్కడి ఖాజాగూడ గుట్టలు ఎక్కింది. ఫక్రుద్దీన్ గుట్ట అని కూడా పిలిచే ఈ చోటికి సొంతంగానూ వెళ్లవచ్చు. అయినా ఆ రుసుము దండగ కాలేదనడానికి ముఖ్య కారణం, వారు నడకను అమర్చిన వరుస. గ్రానైటు బండ పొద్దెక్కేకొద్దీ పెనంలా కాలుతుంది కనుక, ఉదయం 6 గంటలకే అందరినీ కింద కలుసుకుని, ఎండ ముదరకముందే పైకి చేర్చి, దిగేటప్పుడు గుహల నీడ దక్కేలా దారి కూర్చారు.

పైన గడిపిన గంటసేపూ ఎంతో విలువైనది. ఈ శిల సుమారు 250 కోట్ల సంవత్సరాల నాటిదనీ, భూగర్భంలో గడ్డకట్టి, పై పొరలు కొట్టుకుపోయాక బయటపడిందనీ, నెర్రెల వెంట దిగిన నీరు అంచులను కొరికి గుండ్రని గుండ్లను మిగిల్చిందనీ మార్గదర్శకురాలు ఒక్కొక్క గుండునూ తట్టి చూపుతూ వివరించారు. ఎవరో పేర్చినట్టున్న ఆ గుండ్లు ఒకప్పుడు ఒకే బండ అని తెలిశాక, మా అబ్బాయి ప్రతిచోటా ఆగి నెర్రె ఎటు పోతోందో వెతకసాగాడు. అంత పురాతనమైన రాతిపై రంగుతో రాసిన పేర్లు చూస్తే నాకు నిజంగా బాధ కలిగింది.

ఇక్కడి గుహలు చాలావరకు గుండ్లు ఒకదానిపై ఒకటి ఒరిగి ఏర్పడిన సందులే. 1951లో ఆధ్యాత్మిక గురువు మెహెర్ బాబా ధ్యానం చేసిన గుహ దగ్గర మౌనం పాటించాలని ముందే చెప్పడం, తేనెపట్టుల కారణంగా అత్తరు పూసుకుని రావద్దని ముందురోజే సందేశం పంపడం నాకు నచ్చాయి.

లోపాలూ ఉన్నాయి. మనిషికి ఒక లీటరు నీళ్లు చాలన్నారు గానీ, పది గంటలకే మా సీసాలు ఖాళీ అయ్యాయి. రెండు లీటర్లు ఉండవలసిందే. అంతకన్నా పెద్ద లోపం, ఒకచోట పాకుతూ దూరవలసిన ఇరుకు సందు ఉందని ముందుగా చెప్పకపోవడం. మోకాళ్ల నొప్పులున్న మా అమ్మ అక్కడే ఆగిపోయింది. రెండో మార్గదర్శకుడు ఆమెను మెల్లగా కిందికి దించి, మేము వచ్చేవరకు పక్కనే కూర్చున్నాడు, అందుకు కృతజ్ఞతలు. పెద్దవారితో వెళ్లదలచినవారు మాత్రం డబ్బు కట్టకముందే ఆ సందు సంగతి ఫోన్లో అడిగి తెలుసుకోవాలి.