డిష్ తీగకి నొక్కుడు పిన్నులు: బారువ ఉప్పుగాలిలో ఆరేళ్ల అనుభవం

మా ఇల్లు శ్రీకాకుళం జిల్లా సముద్ర తీరంలో, బారువ దగ్గర. రాత్రి ఊరు సద్దుమణిగితే డాబా మీదకి అలల హోరు వినిపిస్తుంది. ఇలాంటి చోట గేటు గొళ్లెం, బట్టల తీగ, సైకిల్ చైను ఏవీ ఎక్కువకాలం మన్నవు. డిష్ దక్షిణం వైపు చూడాలి కాబట్టి సముద్రం మీంచి వచ్చే గాలంతా దాని ముఖానే కొడుతుంది.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపానుకి పెరట్లో కొబ్బరి చెట్లతో పాటు డిష్ కూడా పోయింది. కరెంటు వచ్చాక కొత్తది పెట్టించాం. బిగించిన కుర్రాడు తీగ రెండు చివరలకీ చేత్తో తిప్పి ఎక్కించే పిన్నులు వేశాడు. తీగ చాలకపోతే మధ్యలో ఒక జాయింటు వేసి నల్ల టేపు చుట్టాడు. ఊరంతా అతని కోసమే ఎదురుచూస్తున్న రోజులవి, తప్పు పట్టను.

ఏడాది తిరక్కుండానే తంటా మొదలైంది. సగం చానళ్లు వస్తాయి, సగం రావు. అమ్మ చూసే సీరియల్ ఆ రాని సగంలో ఉంది. "ఏటిరా, డబ్బులు కట్టలేదేటి?" అంది. కట్టాను. షాపులో అడిగితే బాక్స్ పోయింది, మార్చుకోమన్నారు. మార్చేసేవాణ్ణే, కానీ నన్ను ఆపింది ఆ సగం లెక్క. బాక్స్ పోతే అన్నీ పోవాలి కదా?

తెలుసుకుంటే విషయం ఇది. డిష్ ముందు కొమ్ముకి ఉండి సిగ్నల్ పట్టుకునే డబ్బాని ఎల్‌ఎన్‌బి అంటారు, దానికి కరెంటు ఇదే తీగలోంచి పోతుంది. బాక్స్ 13 వోల్టులు పంపితే ఒక రకం చానళ్లు, 18 పంపితే రెండో రకం. పిన్ను తుప్పు పడితే 18 పంపినా పైకి చేరేసరికి తగ్గిపోతుంది. ఎల్‌ఎన్‌బి దాన్ని 13 అనుకుంటుంది. ఆ రెండో సగం గల్లంతు.

బాక్స్ ప్లగ్గు పీకి (ఇది మరిచిపోవద్దు, తీగ మధ్య రాగికి చుట్టూ ఉన్న అల్లిక తగిలితే బాక్సుకే ప్రమాదం) పైకెక్కి పిన్ను విప్పాను. చుక్క నీరు జారి వేలి మీద పడింది. ఎర్రగా ఉండాల్సిన రాగి పచ్చగా చిలుము పట్టి ఉంది. చుట్టూ జడలా ఉండే అల్లిక నల్లబడి, గోటితో గీరితే పొడిలా రాలింది. టేపు చుట్టిన జాయింటు ఇంకా ఘోరం. ఎండకి జిగురు కరిగి, లోపలికి పోయిన వాన నీరు బయటికి రాక మగ్గిపోయింది. ఆ నీరు అల్లిక వెంట దిగి హాల్లో బాక్స్ వైపు పిన్ను దాకా వచ్చింది. వేలు పెడితే తడి తగిలింది!

తీగదే తప్పని తేల్చుకోవడానికి ఒక కొత్త ముక్కని కిటికీలోంచి నేరుగా డిష్‌కి వేసి చూశాను. అన్ని చానళ్లూ వచ్చేశాయి. అప్పుడే తీగ మొత్తం మార్చేసి, ప్లయర్ లాంటి పనిముట్టుతో నొక్కి బిగించే కంప్రెషన్ పిన్నులు వేశాను. మా వైపు షాపుల్లో దొరకలేదు, ఆన్‌లైన్లో తెప్పించాను. మొదటి మూడూ పాడుచేశాను. అల్లిక వెనక్కి మడిచేటప్పుడు వెంట్రుక లాంటి ఒక్క పోగు ముందుకి మిగిలినా షార్టే. తీగ లోపలి తెల్ల ప్లాస్టిక్, పిన్ను అడుగు రంధ్రానికి సమానంగా ఆగాలి, రాగి అంచు దాటి రెండు మూడు మిల్లీమీటర్లు రావాలి. చేయి తిరిగేదాకా విసుగే.

తీగ కొనేటప్పుడు అయస్కాంతం పట్టుకెళ్లండి. అంటుకుంటే లోపల ఇనుము, పైన రాగి పూత. పొడి ప్రాంతాల్లో దానితో నడిచిపోతుందేమో గానీ, సముద్రపు ఒడ్డున పూత గీసుకుపోతే తుప్పే. నేను పూర్తి రాగిదే తీసుకున్నాను, ధర ఎక్కువే. మధ్యలో ఒక్క జాయింటు కూడా వేయలేదు. ఎల్‌ఎన్‌బి దగ్గర తీగని కిందికి ఒక వంపు తిప్పి కట్టాను, నీరు ఆ వంపులోంచే కారిపోతుంది.

ఇంకో గుర్తు. జోరు వానలో బొమ్మ పోయి, వాన తగ్గగానే వస్తే ఆ వాన పనే, ఎవరినీ పిలవక్కర్లేదు. వాన వెలిశాక పోయినా, పొద్దుటి మంచుకి పోయి ఎండెక్కాక వచ్చినా, పిన్నులో నీరు చేరినట్టే.

ఈ ఆరేళ్లలో రెండుసార్లే ఆగింది. ఒకసారి పిట్టగోడ దగ్గర ఉడత తీగ కొరికేసింది. మంచి పిన్ను ఉడతనేం ఆపుతుంది? ఆ భాగం పైపులోంచి లాగాను. రెండోసారి, ఈమధ్యే, పైన పిన్ను మీది రబ్బరు తొడుగు ఎండకి పగిలింది. విప్పి చూస్తే లోపల రాగి ఇంకా ఎర్రగానే ఉంది. తొడుగు మార్చి, సిలికాన్ గ్రీజు రాసి దిగొచ్చాను. దిగేసరికి పక్కింటి మావయ్య మా అరుగు మీద కూర్చున్నాడు. "బావూ, మాదీ సగమే వస్తందిరా." పనిముట్టు చేతిలోనే ఉంది, అటే వెళ్లిపోయాను.