పెన్నేరు గడ్డా, దూలగొండి గింజలా?

లైంగిక కోరికకి, మగవాళ్లలో సంతానానికి ఈ రెండు మూలికల్లో ఏది మేలో చూద్దాం. సీసా మీద అశ్వగంధ అని రాసేది మన పెన్నేరు గడ్డే. పచ్చి వేరు నలిపితే గుర్రం వాసన, పేరు అందుకే. ఇది నేరుగా కోరిక పుట్టించేది కాదు. ఆఫీసు ఒత్తిడి, నిద్రలేమి వల్ల ఆ ధ్యాసే లేనివాళ్లకి కాస్త పనికొస్తుంది. చాలా పరిశోధనల్లో రోజుకు 600 మిల్లీగ్రాముల వేరు సారం 8 వారాలు ఇచ్చారు. థైరాయిడ్ మాత్రలు వేసుకునేవాళ్లు, కాలేయం జబ్బున్నవాళ్లు, గర్భిణులు దీని జోలికి పోకపోవడమే మంచిది. కొనేటప్పుడు వేరో, ఆకు కూడా కలిపారో చూడండి. ఆకు చవక.

దూలగొండి కథ వేరు. కాయ మీది నూగు తగిలిందా, ఇక గోక్కోవడమే! గింజలో మాత్రం ఎల్-డోపా ఉంది, పార్కిన్సన్స్‌కి (వణుకు జబ్బుకి) డాక్టర్లు రాసే మందే. అది డోపమైన్ అనే రసాయనంగా మారి, ఎక్కువైతే కోరికను చంపే ప్రొలాక్టిన్ హార్మోన్‌ను తగ్గిస్తుంది. లక్నోలో సంతానం కలగని మగవాళ్లకి రోజుకు 5 గ్రాముల గింజల పొడి 3 నెలలు ఇస్తే వీర్యకణాలు, టెస్టోస్టిరాన్ పెరిగాయి. ఆయుర్వేదంలో గింజల్ని పాలల్లో ఉడికించి, పొట్టు తీసి, ఎండబెట్టి దంచుతారు. పార్కిన్సన్స్, మానసిక సమస్యల మందులు వాడేవాళ్లు డాక్టర్ని అడగకుండా ముట్టకూడదు.

పిల్లల కోసం చూస్తున్న మగవాళ్లయితే నా ఓటు దూలగొండికి, అదీ వీర్య పరీక్ష అయ్యాకే. అంగస్తంభనే సమస్యయితే రెండూ పక్కన పెట్టి ముందు షుగరు, బీపీ చూపించుకోండి.

‘గంటలో ఫలితం’ అనే మూలికా గుళికలైతే అసలొద్దు. అలాంటివాటిలో చెప్పకుండా కలిపిన సిల్డెనాఫిల్ (వయాగ్రాలో ఉండే మందు) చాలాసార్లు బయటపడింది. గుండెకు నైట్రేట్ మాత్రలు వాడేవాళ్లకి అది ప్రాణం మీదికి తెస్తుంది.