మిద్దెతోటకు ఏ కాలీఫ్లవర్ విత్తనం? మూడు పూసా రకాలపై సమీక్ష

కాలీఫ్లవర్ విత్తనం కొనేటప్పుడు మనలో చాలామంది ప్యాకెట్ మీది బొమ్మను చూసి ఎంచుకుంటారు. చూడవలసింది మాత్రం ఆ రకం ఎంత చలిలో పువ్వు కడుతుందన్న విషయం. వంగలోనో బెండలోనో రకం మారితే దిగుబడి కాస్త అటూ ఇటూ అవుతుంది గానీ, కాలీఫ్లవర్‌లో రకం తప్పితే చివరికి ఆకులే మిగులుతాయి. హైదరాబాద్‌లో మా మిద్దె మీద పెంచి చూసిన పూసా మేఘన, పూసా దీపాలి, పూసా స్నోబాల్ కె-1 రకాలను ఈ ఒక్క కొలమానంతోనే తూచి నా అభిప్రాయం రాస్తున్నాను. మూడూ న్యూఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థ విడుదల చేసిన రకాలే.

తొలికాలపు రకాలు 20 నుంచి 27 డిగ్రీల సగటు ఉష్ణోగ్రతలో పువ్వు కడతాయి, మధ్యకాలపు రకాలకు ఇరవైకి లోపు ఉండాలి, స్నోబాల్ వంటి చివరికాలపు రకాలకు 10 నుంచి 16 డిగ్రీల చలి కావాలి. మన నగరంలో డిసెంబరు, జనవరి నెలల్లో తెల్లవారుజామున పదిహేను డిగ్రీల దాకా దిగినా, మధ్యాహ్నానికి మళ్లీ ఇరవై ఎనిమిదికి చేరుతుంది కాబట్టి, రాత్రింబవళ్ల సగటు తీస్తే ఏడాదిలోకెల్లా చల్లని రోజుల్లో కూడా ఇరవైకి పైనే ఉంటుంది. అంటే మన చలికాలం ఢిల్లీవారికి వానాకాలం వెళ్లిన తరువాత వచ్చే వాతావరణం వంటిదే. ఈ లెక్క తెలిస్తే విత్తనం ఎంపికలో సగం పని అయిపోయినట్లే.

స్నోబాల్ కె-1 మంచి రకమే. పువ్వు మంచులా తెల్లగా, గట్టిగా వస్తుందనీ, నల్ల కుళ్లు తెగులును తట్టుకుంటుందనీ దానికి పేరు. అయితే ఆ గుణాలన్నీ ఉత్తరాదిలో, కొండ ప్రాంతాల్లో చలి దొరికినప్పుడు బయటపడేవి. దాని విత్తనాన్ని కూడా మైదానాల్లో కాక కులు లోయ వంటి చల్లని చోట్లనే పండిస్తారు. మా కుండీల్లో మొక్క ఏపుగా పెరిగింది, వెడల్పాటి ఆకులు వేసింది, సంక్రాంతి దాటినా నడుమ మొగ్గ కనబడలేదు. ఇది విత్తనం నాణ్యతలోని లోపం కాదు, చోటు కుదరకపోవడం. హైదరాబాద్ మిద్దెతోటకు దీన్ని నేను సిఫారసు చేయను.

మేఘన, దీపాలి తొలికాలపు రకాలు. 1822లో సహారన్‌పూర్ తోటకు ఇంగ్లండు నుంచి వచ్చిన కాలీఫ్లవర్, తరతరాలుగా మన రైతులు విత్తనం కట్టుకుంటూ రావడం వల్ల వేడికి అలవాటుపడి, క్రమంగా భారతీయ రకంగా స్థిరపడింది. ఈ రెండు రకాలూ ఆ కోవకు చెందినవి. జూన్ చివరి నుంచి ఆగస్టు లోపు నారు పోస్తే దసరా, దీపావళి ప్రాంతంలో పువ్వు చేతికొస్తుంది. వీటిలో నా మొగ్గు దీపాలి వైపు. దాని లోపలి ఆకులు నిటారుగా లేచి పువ్వు మీదికి వంగుతాయి గనుక మిద్దె ఎండకు పువ్వు పసుపురంగుకు తిరగదు. పువ్వు మధ్యరకం సైజే, అరకిలో దాటదు గానీ గింజగింజగా విచ్చుకోకుండా బిగువుగా ఉంటుంది, కూరలో ముక్క చెదరదు. మేఘన వేడిని ఇంకా బాగా తట్టుకుంటుంది, కాబట్టి తొందరగా నాటాలనుకునేవారు దాన్ని తీసుకోవచ్చు. అయితే దాని పువ్వు కనబడగానే పై ఆకులను దగ్గరకు లాగి నారతో వదులుగా కట్టవలసి వచ్చింది.

ఈ తొలికాలపు రకాలను ఆలస్యంగా నాటకూడదు. ముదిరిన నారు వేసినా, చలి మొదలయ్యాక నాటినా, నత్రజని చాలకపోయినా పువ్వు నిమ్మకాయంతలోనే ఆగిపోతుంది. నాలుగైదు వారాల నారునే నాటాలి.

ప్యాకెట్ల సంగతి కొంత కోపంతోనే రాయవలసి వస్తోంది. నెక్లెస్ రోడ్డు పీపుల్స్ ప్లాజాలో జరిగే నర్సరీ మేళాకు వెళ్లినప్పుడు ఒక స్టాల్‌లో పెద్ద తెల్లని పువ్వు బొమ్మతో, కేవలం ‘కాలీఫ్లవర్’ అన్న మాటతో ప్యాకెట్లు అమ్ముతున్నారు. రకం పేరు లేదు, లాట్ నంబరు లేదు, పరీక్ష తేదీ లేదు. అడిగితే ‘అన్ని కాలాలకూ వస్తుందమ్మా’ అన్నారు. అన్ని కాలాలకూ వచ్చే కాలీఫ్లవర్ అంటూ ఏదీ లేదు. లేబుల్ మీద రకం, లాట్ నంబరు, పరీక్షించిన తేదీ, మొలక శాతం, గడువు ఉండి తీరాలి. ఈ పంటకు కనీస మొలక శాతం 65. బరువు కూడా చూసుకోవాలి. ఒక గ్రాములో సుమారు 300 గింజలు ఉంటాయి కాబట్టి, ఇరవై మొక్కలు పెట్టుకునే ఇంటికి పది గ్రాముల ప్యాకెట్ అనవసరం. మిగిలినవాటిని గాలి చొరని సీసాలో పెట్టి ఫ్రిజ్‌లో దాచుకుంటే మరుసటి ఏడాదికి పనికొస్తాయి.

మొక్కకొక పన్నెండు అంగుళాల లోతు కుండీ, బాగా మాగిన పశువుల ఎరువు, వేపపిండి ఉంటే చాలు. డైమండ్ రెక్కల పురుగు మాత్రం ఏ రకాన్నీ వదలదు. పక్కన రెండు కుండీల్లో ఆవాలు చల్లితే అది ముందు వాటి మీద వాలుతుంది, కాలీఫ్లవర్ మీద 5 శాతం వేపగింజల కషాయం సాయంత్రం పూట ఆకు అడుగు భాగం తడిసేలా చల్లాలి. పువ్వు గోధుమరంగుకు తిరిగి, కోస్తే కాండం గుల్లగా కనబడితే అది పురుగు పని కాదు, బోరాన్ అనే సూక్ష్మపోషకం లోపం.

నారింజరంగు పువ్వునిచ్చే పూసా బీటా కేసరి 1 గురించి మిత్రులు అడుగుతున్నారు. బీటా కెరోటిన్ (ఒంట్లో విటమిన్ ఎ గా మారే పదార్థం) 8 నుంచి 10 పీపీఎం, అంటే కిలోకు అన్ని మిల్లీగ్రాములు, ఉండే ఆ రకం పోషకాల దృష్ట్యా ఎంతో విలువైనది, కానీ దాని సాగు ఢిల్లీ చలికాలానికి కుదిరినది. ఈ ఏడాదికి దీపాలి ఒక గ్రాము కొని జులైలో నారు పోయండి.