హెలిప్యాడ్ లేని చోట హెలికాప్టర్ దింపే ట్రైనింగ్: రెండో రోజే అసలు సరుకు

మాది పలాస దగ్గర ఊరు. 2018 తిత్లీ తుపానుకి కొబ్బరిచెట్లు పడి దారులు మూసుకుపోవడం చూసినవాణ్ణి. హెలికాప్టర్ క్రూలో కొత్తగా చేరి విజయనగరంలో ఈ కోర్సు చేశాను. మొదటి రోజంతా స్లైడ్లే, నిద్రొచ్చింది. రెండో రోజు కోతలైన పొలంలో దిగాం. కరెంటు తీగ పైనుంచి కనబడదు, స్తంభాలు వెతకమన్నారు. దుమ్ములో నేల కనబడకపోతే దిగకుండా పైకి లేచిపోవాలి. తలుపు దగ్గర పడుకుని "తోక ఎడమకి వద్దు, గట్టుంది" అని పైలట్‌కి అరిచాను. ఇంటర్‌కామ్‌లో అరవక్కర్లేదట! వాలు మీద దిగితే ఎగువవైపు రెక్కలు నేలకి దగ్గరగా తిరుగుతాయి, అటునుంచి ఎవరినీ రానివ్వకూడదు. ఆ ఫీజుకి రాత్రి ప్రాక్టీసు కూడా పెట్టాల్సింది. భోజనం పర్వాలేదు.