1,40,000 కిలోమీటర్లు, మసి పట్టిన ఒక టర్బో

గుంటూరు మిర్చి యార్డు చుట్టుపక్కల కోల్డ్ స్టోరేజీల్లో కంప్రెసర్లు రిపేరు చేయడం నా పని. 2019లో కొన్న 2.5 లీటర్ల డీజిల్ పికప్ ట్రక్కు ఇప్పటికి 1,40,000 కిలోమీటర్లు దాటింది. బండి పేరు రాయడం లేదు, ఎందుకంటే నేను చెప్పేది దాని టర్బో, అంటే ఇంజనులోకి గాలిని నొక్కి పంపే భాగం సంగతి. అలాంటి టర్బో చాలా కంపెనీల బళ్లకు ఉంది.

కొన్నప్పుడు షోరూము కుర్రాడు "వేరియబుల్ టర్బో సార్" అని నాలుగుసార్లు అన్నాడు. అదేంటయ్యా అంటే బ్రోచరు చేతిలో పెట్టాడు. అసలు తేడా నాకు తెలిసింది నల్లమలలో. కర్నూలు వైపు పనిపడితే దోర్నాల నుంచి ఆత్మకూరు మీదుగా ఘాట్ ఎక్కాలి. వెనక ఏడెనిమిది వందల కిలోల సామాను. నా పాత బండికి మామూలు టర్బో ఉండేది. మలుపులో స్పీడు తగ్గి ఆర్పీఎం (ఇంజను నిమిషానికి తిరిగే చుట్లు) 1500కి పడిందంటే ఇక యాక్సిలరేటర్ ఎంత తొక్కినా నల్లపొగే తప్ప లాగుడు ఉండదు. ఫస్టు గేరుకి దించి, 2200 దాటేదాకా ఓపిక పట్టాలి. దాటాక ఒక్కసారిగా కుదుపుతో ముందుకు దూకేది. ఈ బండి అదే మలుపులో సెకండు గేరులోనే 1600 దగ్గర నుంచి సాఫీగా లాగుతుంది. మొదటిసారి ఎక్కినప్పుడు మా డ్రైవరు నా వైపు చూసి నవ్వాడు, అంతే.

లోపల జరిగేది ఇది. సైలెన్సరులోకి పోవాల్సిన వేడి పొగ ముందు టర్బోలో ఒక చక్రాన్ని తిప్పుతుంది. దానికి జతగా ఉన్న రెండో చక్రం బయటి గాలిని నొక్కి ఇంజనులోకి పంపుతుంది. గాలి ఎక్కువ దొరికితే డీజిల్ ఎక్కువ మండించొచ్చు, టార్క్ (ఇంజను తిప్పే బలం) పెరుగుతుంది. చిక్కల్లా తక్కువ ఆర్పీఎంలో పొగ కూడా తక్కువ కావడమే. అందుకని ఈ వేరియబుల్ టర్బోలో పొగ వచ్చే చక్రం చుట్టూ చిన్న చిన్న రెక్కలు పెట్టారు. ఇంజను నెమ్మదిగా తిరిగేటప్పుడు అవి దగ్గరికి ముడుచుకుని సందు ఇరుకు చేస్తాయి. ప్రకాశం బ్యారేజీలో గేటు కాస్తంత ఎత్తినప్పుడు అడుగు నుంచి నీళ్లు ఎంత విసురుగా తన్నుకొస్తాయో చూసే ఉంటారు. ఉన్న కాస్త పొగా అలాగే వడిగా వెళ్లి చక్రాన్ని కొడుతుంది. ఇంజను జోరందుకున్నాక రెక్కలు తెరుచుకుని దారి ఇస్తాయి.

కొన్ని పెట్రోలు ఇంజన్లలో ఇదే కష్టానికి వేరే ఉపాయం ఉంది. గాలి వచ్చే గొట్టం పొడవునే మారుస్తారు. తక్కువ వేగంలో పొడుగు గొట్టం, ఎక్కువ వేగంలో పొట్టి గొట్టం. 1991లో ఫ్రాన్స్‌లోని ల మాన్ 24 గంటల రేసు గెలిచిన మాజ్డా కారులో ఆ గొట్టాలు నడుస్తుండగానే సాగేవి, కుదించుకునేవి. మన డీజిల్ ట్రక్కులకు అంత వైభోగం అక్కర్లేదు, టర్బో ఉంటే చాలు.

కాగితం మీది హార్స్‌పవర్ చూసి బండి కొనేవాళ్లకి ఒక లెక్క చెప్తాను. టార్క్‌ను ఆర్పీఎంతో గుణించి 9549తో భాగిస్తే పవరు కిలోవాట్లలో వస్తుంది. 1800 ఆర్పీఎం దగ్గర 320 న్యూటన్ మీటర్లు ఉంటే 60 కిలోవాట్లు, అంటే 82 హార్స్‌పవర్. 3600 దగ్గర టార్క్ 265కి పడిపోయినా పవరు 100 కిలోవాట్లు, సుమారు 136 హార్స్‌పవర్. బ్రోచరులో పెద్దక్షరాలతో వేసేది ఆ 136నే. లోడుతో వెళ్లే బండి 3600 దాకా ఎప్పుడు వెళ్తుంది? ఆరేళ్లలో నేను పది పదిహేనుసార్లు చూశానేమో. రెక్కల వల్ల నాకు పెరిగింది ఆ పెద్ద అంకె కాదు, తక్కువ ఆర్పీఎంలో లాగుడు.

ఇక కష్టాలు. ఫిబ్రవరి నుంచి మిర్చి సీజన్‌లో యార్డు చుట్టూ దుమ్ము సంగతి గుంటూరు వాళ్లకి చెప్పక్కర్లేదు. ఎయిర్ ఫిల్టరు తీసి నేలకేసి తడితే పక్కనున్న నలుగురూ తుమ్మాల్సిందే. ఫిల్టరు మూసుకుపోతే గాలి చాలక టర్బో ఎక్కువ కష్టపడుతుంది, మైలేజీ 12 నుంచి పదిన్నరకు వస్తుంది. సీజన్‌లో నెలకోసారి ఫిల్టరు మారుస్తున్నాను.

పెద్ద దెబ్బ మాత్రం నా తప్పు వల్లే తగిలింది. 95,000 కిలోమీటర్ల దగ్గర, అదే ఘాట్‌లో, ఇంజను లైటు వెలిగి బండి ప్రాణం పోయినట్టయింది. ఆపి మళ్లీ స్టార్ట్ చేస్తే బాగానే ఉంది, పది నిమిషాలకి మళ్లీ అంతే. ఒక సర్వీసు సెంటరులో టర్బో మొత్తం మార్చాలి, లక్ష పైమాటే అన్నారు. టెన్షన్‌తో విజయవాడ ఆటోనగర్‌లో తెలిసిన మేస్త్రీ దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన టర్బో విప్పి నా ముందు పెట్టాడు. రెక్కలన్నీ పూరేకుల్లా వరసగా ఉన్నాయి, కానీ మధ్యలో కాటుక ముద్దలా మసి. రెక్కల్ని తిప్పే రింగు వేలితో నెడితే కదలాలట. స్క్రూడ్రైవరుతో నెట్టినా కదల్లేదు.

"బాబూ, బండి ఆపి ఏసీ వేసుకుని కూర్చుంటారా?" అన్నాడు.

కూర్చుంటాను. కోల్డ్ స్టోరేజీ దగ్గర డ్రైవరూ కూర్చుంటాడు, ఒక్కోసారి గంట. స్లోలో అలా నడిస్తే పొగలో వేడి చాలక మసి పేరుకుంటుంది, పైగా రెక్కలు ఒకే చోట ఉండిపోతాయి. శుభ్రం చేసి బిగించినందుకు 9,000 తీసుకున్నాడు. అప్పటి నుంచి వారానికోసారి చిలకలూరిపేట దాకా హైవే మీద, ఒక గేరు తక్కువలో 2500 పైన నడిపించుకొస్తున్నాం. మా ఆవిడ దీన్ని బండికి వాకింగ్ అంటుంది. 45,000 కిలోమీటర్లయింది, ఆ లైటు మళ్లీ వెలగలేదు.

ఘాట్‌లూ లోడూ ఉన్నవాళ్లకి ఈ టర్బో బండే తీసుకోమంటాను. బ్రాడీపేట నుంచి అరండల్‌పేటకి తిప్పుకునేవాళ్లకి మామూలు టర్బో చాలు, దాంతో ఇంత బాధ ఉండదు. సెకండ్ హ్యాండ్‌లో కొంటుంటే బానెట్ ఎత్తి, టర్బో పక్కన సన్న కడ్డీ ఉన్న రకమైతే, ఇంకొకరిని స్టార్ట్ చేయమని దాన్నే చూడండి. చాలా బళ్లలో స్టార్ట్ కాగానే అది లోపలికి జరుగుతుంది, ఆపగానే వెనక్కి వస్తుంది. జరగకపోతే బేరం ఆపి మేస్త్రీని పిలిపించండి.