ఊరు లేని కంట్రీ స్టేషన్: ఏళ్ళ తరబడి విన్నాక ఒక సమీక్ష

టెనెసీ రాష్ట్రంలో నాష్‌విల్‌కూ నాక్స్‌విల్‌కూ మధ్య ఐ-40 రహదారి మీద ఉద్యోగరీత్యా తరచు తిరగవలసి రావడం వల్ల, కంట్రీ సంగీతం (అమెరికా పల్లె పాటల నుంచి పుట్టిన బాణీ) వినిపించే ఎఫ్‌ఎం స్టేషన్ ఒకదానిని కొన్నేళ్ళుగా కారులో వింటున్నాను. అది ఒక పెద్ద కంపెనీ చేతిలో ఉన్న స్టేషన్. దాని పేరు చెప్పను. ఇక్కడ చెప్పబోయే లోపాలు దానికొక్కదానికే చెందినవి కావు, అమెరికాలో ఏ నగరంలో కారు అద్దెకు తీసుకుని రేడియో పెట్టినా ఇంచుమించు అవే వినిపిస్తాయి. పాటలు బాగుండవన్నది నా ఫిర్యాదు కాదు. కంట్రీ పాట అంటేనే ఫలానా ఊరు, ఫలానా వాగు, ఫలానా బొగ్గు గని అని పేరు పెట్టి చెప్పే పాట. అటువంటి పాటలతో బతికే స్టేషన్‌కు తాను ఏ ఊళ్ళో ఉన్నదీ తెలియకపోవడమే నన్ను విసిగించింది.

ముందుగా గంట సంగతి చెబుతాను. ఐ-40 మీద తూర్పుకు వెళ్తూ క్రాస్‌విల్ దాటి రోన్ కౌంటీలో ప్రవేశించగానే సెంట్రల్ టైమ్ పోయి ఈస్టర్న్ టైమ్ వస్తుంది, గడియారం ఒక గంట ముందుకు జరుగుతుంది. నేను వినే ఉదయపు కార్యక్రమంలోని వ్యాఖ్యాత మాత్రం ఏనాడూ ఏడు ఇరవై అయిందని గాని, ఎనిమిది ఇరవై అయిందని గాని చెప్పడు. గంట దాటి ఇరవై నిమిషాలు అంటాడు, ఏ గంటో చెప్పడు. ఒకే గొంతు ఒకేసారి అనేక రాష్ట్రాలలోని స్టేషన్లలో వినిపిస్తున్నప్పుడు గంట చెప్పడం కుదరదు మరి. మధ్యాహ్నపు కార్యక్రమానిది ఇంకొక పద్ధతి. దానిని వాయిస్ ట్రాకింగ్ అంటారు: వ్యాఖ్యాత ఎక్కడో కూర్చుని నాలుగు గంటల కార్యక్రమానికి కావలసిన మాటలన్నీ ముందే రికార్డు చేసి పంపిస్తే, కంప్యూటర్ వాటిని పాటల మధ్య అతికిస్తుంది. అందువల్ల ఈ దారిలో వచ్చే కంబర్లండ్ పీఠభూమి మీద వడగళ్ళు కారు అద్దాన్ని బాదుతున్న సమయంలో కూడా ఈ చక్కటి ఎండలో హాయిగా గడపండి అన్న మాట వినవలసి వస్తుంది.

ఇది ఇట్లా కావడానికి ఒక చట్టం దారి తీసింది. 1996 నాటి టెలికమ్యూనికేషన్ల చట్టానికి ముందు దేశం మొత్తం మీద ఒక కంపెనీకి 20 ఏఎం, 20 ఎఫ్‌ఎం స్టేషన్లకు మించి ఉండరాదన్న పరిమితి ఉండేది. ఆ చట్టం దేశవ్యాప్త పరిమితిని పూర్తిగా ఎత్తివేసి, పెద్ద నగరాలలో ఒక్కొక్క కంపెనీ 8 స్టేషన్ల దాకా ఉంచుకోవచ్చునన్నది. కొద్ది ఏళ్ళలోనే ఒక కంపెనీ చేతికి 1,200 పైచిలుకు స్టేషన్లు చేరాయి. అప్పులు చేసి కొన్నవారు జీతాలలో కోత పెట్టక తప్పదు కనుక, రాత్రి పూట స్టూడియోలో కూర్చునే మనిషి ముందుగా పోయాడు. 2002 జనవరి 18న నార్త్ డకోటాలోని మైనాట్ వద్ద అమ్మోనియా మోసుకుపోతున్న రైలు పట్టాలు తప్పినప్పుడు, ఆ ఊరిలో ఒకే కంపెనీకి చెందిన ఆరు స్టేషన్లు ఉండి కూడా జనాన్ని హెచ్చరించమని చెప్పడానికి ఫోన్ ఎత్తే మనిషి అధికారులకు దొరకలేదన్న వివాదం దేశమంతటా చర్చకు వచ్చింది. మా దారిలోనే, 2020 మార్చి 3న అర్ధరాత్రి దాటాక కుక్‌విల్ పరిసరాలను తాకిన టోర్నడోలో పుట్నమ్ కౌంటీలో 19 మంది మరణించారు. ఆ దారిన రాత్రి పూట వెళ్ళే మనిషికి రేడియోలో మెలకువగా ఉన్న గొంతు ఒకటి ఉన్నదా లేదా అన్నది అభిరుచికి సంబంధించిన ప్రశ్నగా అనిపించదు.

అవే పాటలు మళ్ళీ మళ్ళీ రావడం గురించి అందరూ అనేదే నేనూ అంటాను గాని, దాని వెనుక ఉన్న పద్ధతి తెలిస్తే కోపం రెట్టింపవుతుంది. స్టేషన్ పాటలను మూడు అరలుగా పెట్టుకుంటుంది: ఇప్పుడు నడుస్తున్నవి, నిన్నమొన్న నడిచి ఇంకా చల్లారనివి, పాతవి. మొదటి అరలో ఉండేది చాలా చిన్న గుంపు. పొద్దున విన్న పాట సాయంత్రం తిరుగు ప్రయాణంలో మళ్ళీ వినపడడం యాదృచ్ఛికం కాదు, అది లెక్క వేసి పెట్టినదే. ఏ పాట ఆ అరలో ఉండాలో తేల్చడానికి పాటలోని కొద్ది సెకన్ల ముక్కను కొందరికి వినిపించి అభిప్రాయం అడుగుతారు. ఎక్కువ మందికి గాఢంగా నచ్చిన పాట కంటే ఎవరికీ పెద్దగా రోత పుట్టించని పాటే అందులో నెగ్గుతుంది. అట్లా నెగ్గినది నెలల తరబడి కదలదు; కొన్ని పాటలు పట్టికలో పైకి ఎక్కడానికే ఏడాదికి దగ్గరగా పడుతుంది. పాత పాటల అర అంటారు గాని, అందులోనూ తొంభైల వెనక్కి వెళ్ళడం అరుదు. పాత తరం కంట్రీ గాయకులైన హ్యాంక్ విలియమ్స్‌ను గాని, చార్లీ ప్రైడ్‌ను గాని ఈ స్టేషన్‌లో విన్న గుర్తు నాకు లేదు.

స్త్రీల గొంతులు దాదాపు వినపడకపోవడం ఇంకా పెద్ద లోపం. 2015లో రేడియో సలహాదారు ఒకరు వృత్తి పత్రికలో మాట్లాడుతూ, కంట్రీ స్టేషన్‌ను సలాడ్‌తో పోల్చి, అందులో ఆకుకూర మగ గాయకులైతే గాయనీమణులు అక్కడక్కడ వేసుకునే టమాటా ముక్కలన్నాడు. ఇద్దరు స్త్రీల పాటలను వరుసగా వేయవద్దన్నది అప్పటికే ఈ రంగంలో నలిగిన సూత్రం. పెద్ద గొడవ జరిగింది. ఇన్నేళ్ళ తరువాత కూడా నా స్టేషన్ ఆ సూత్రాన్ని భక్తిగా పాటిస్తున్నదని, అందినంత దూరం చెవి ఒగ్గి విన్న వారెవరికైనా తెలిసిపోతుంది. 1972లో కంట్రీ మ్యూజిక్ అసోసియేషన్ వారి అత్యున్నత పురస్కారం పొందిన తొలి మహిళ లొరెటా లిన్. ఆమె ఇల్లున్న హరికేన్ మిల్స్ నాష్‌విల్‌కు పడమరగా ఇదే ఐ-40కి దగ్గరలో ఉన్నది. ఆమె 1975లో గర్భనిరోధక మాత్రల గురించి పాడితే చాలా స్టేషన్లు ఆ పాటను వేయబోమన్నాయి. ఇప్పుడు నిషేధం అవసరం కూడా లేదు, ఆమె పాటలు అసలు అరలోనే లేవు.

వివిధ భారతిలో జనరంజని వింటూ పెరిగిన నాబోటి వారికి ఇంకొక వెలితి కొట్టొచ్చినట్లు కనిపిస్తుంది. అక్కడ పాటకు ముందు చిత్రం పేరు, రాసినవారు, స్వరపరిచినవారు, పాడినవారు, ఆపైన కోరిన శ్రోతల పేర్లూ ఊళ్ళూ వరుసగా చదివేవారు. ఆ చదవడంలోనే సగం ఆనందం ఉండేది. ఇక్కడ గాయకుడి పేరు చెబితే గొప్ప, రాసినవారి పేరు ఎన్నడూ చెప్పరు. నాష్‌విల్ రచయితల నగరం. బ్లూబర్డ్ కఫేలో రచయితలే గుండ్రంగా కూర్చుని తమ పాటలను తామే పాడుకుంటుంటే వినడానికి జనం టికెట్ కొనుక్కుని వెళ్తారు. పైగా అమెరికా చట్టం ప్రకారం రేడియోలో పాట వేసినందుకు ఏఎం, ఎఫ్‌ఎం స్టేషన్లు డబ్బు చెల్లించేది రచయితలకు, ప్రచురణకర్తలకు మాత్రమే, పాడినవారికి ఏమీ రాదు. డబ్బు ముట్టే వారి పేరు చెప్పకుండా, ముట్టని వారి పేరు మాత్రమే చెప్పడం వింతైన మర్యాద.

ప్రకటనలు రావడంలో తప్పులేదు, అవే దాని జీవనాధారం. అన్ని స్టేషన్లలోనూ ఒకేసారి రావడమే బాధ. పెద్ద నగరాలలో శ్రోతలు ధరించే చిన్న పరికరం ఆధారంగా ఏ స్టేషన్‌ను ఎందరు ఎంతసేపు వింటున్నారో నీల్సన్ సంస్థ లెక్కలు తీస్తుంది. పావుగంటలో ఐదు నిమిషాలు వింటే పావుగంటంతా విన్నట్లు చాలాకాలం జమకట్టారు, 2025 నుంచి దానిని మూడు నిమిషాలు చేశారు. ఆ పావుగంటల లెక్క చూసుకుని అందరూ దాదాపు ఒకే సమయాలలో ప్రకటనలు పెడతారు కనుక, మీట మార్చినా ప్రమాదాల కేసులు వాదించే వకీలు ఒక చోట, ట్రక్కుల దుకాణం ఇంకొక చోట పలకరిస్తాయి. ధ్వని విషయం కూడా ఇట్లాంటిదే. కారు హోరులో వినపడాలని ప్రతి శబ్దాన్నీ ఒకే ఎత్తుకు నొక్కిపెట్టడం వల్ల, కంట్రీ పాటలలో నిదానంగా ఉబ్బుతూ వచ్చే పెడల్ స్టీల్ గిటార్ అనే వాద్యం ఆ ఉబ్బును కోల్పోయి మొదటి క్షణం నుంచే అరుస్తుంది.

మంచి లేకపోలేదు. ఉదయం నాష్‌విల్‌లోకి వెళ్ళే దారిలో ఎక్కడ వాహనాలు నిలిచిపోయాయో ఈ స్టేషన్ చెప్పినంత త్వరగా మరొకటి చెప్పదు. మెంఫిస్‌లోని సెయింట్ జూడ్ పిల్లల ఆసుపత్రి కోసం కంట్రీ స్టేషన్లు 1989 నుంచి చేస్తున్న విరాళాల సేకరణలో ఇదీ పాల్గొంటుంది. ఆ రోజులలో మాత్రం స్టూడియోలో నిజంగా మనుషులు ఉన్నట్లు తెలుస్తుంది.

పోలిక కోసం అదే దారిలో వినిపించే మరి రెండింటిని చెప్పాలి. 1925లో ఒక బీమా కంపెనీ పెట్టిన డబ్ల్యూఎస్ఎం, ఏఎం 650 మీద 50,000 వాట్లతో ఇప్పటికీ నడుస్తున్నది. బ్రెంట్‌వుడ్‌లో 1932లో నిలబెట్టిన దాని వజ్రాకారపు టవరు ఐ-65 మీద వెళ్ళేవారికి కనిపిస్తుంది. కరెంటు తీగల కింద గరగరమంటుంది, ఉరుములకు పట్టుమని పది మాటలు వినపడవు, అయినా వ్యాఖ్యాత పాటను గురించి రెండు మాటలు చెప్పి మరీ వేస్తాడు. 2000ల మొదట్లో దానిని క్రీడల కబుర్ల స్టేషన్‌గా మార్చాలన్న ఆలోచన వచ్చినప్పుడు శ్రోతలు నిరసన తెలిపి ఆపించుకున్నారు. రెండవది నాక్స్‌విల్ వైపున ఉన్న డబ్ల్యూడీవీఎక్స్: 1997లో ఒక క్యాంపర్ బండిలో నుంచి ప్రసారం మొదలుపెట్టిన ఈ స్టేషన్ శ్రోతల విరాళాల మీద నడుస్తుంది, మధ్యాహ్నం పూట జనం ముందు ప్రత్యక్షంగా పాడిస్తుంది. చందాల వారాలలో విసుగు తెప్పిస్తుంది, కొండ మలుపుల్లో తెగిపోతుంది. కాని ఎవరు ఏ ఊరి నుంచి వచ్చి పాడుతున్నారో చెప్పడం మరచిపోదు.

ఇప్పుడు నా కారులో మొదటి మీట 650కి, రెండవది డబ్ల్యూడీవీఎక్స్‌కు ఉన్నాయి, పాత స్టేషన్‌ను ఉదయపు ట్రాఫిక్ వార్తల కోసం చివరి మీటకు పంపించాను. ఎలక్ట్రిక్ కారు కొనాలనుకుంటున్న వారు మాత్రం ఒక విషయం ముందుగా చూసుకోండి: మోటారు నుంచి వచ్చే విద్యుత్ అలజడి కారణంగా కొన్ని కంపెనీలు తమ ఎలక్ట్రిక్ వాహనాలలో ఏఎం రేడియోను తీసివేశాయి, ఫోర్డ్ కూడా తీసివేయబోయి 2023లో ఆ నిర్ణయాన్ని వెనక్కి తీసుకున్నది. ఏఎం లేకపోతే డబ్ల్యూఎస్ఎంను ఫోన్‌లో వినవచ్చు గాని, పీఠభూమి మీద ఫోన్ సిగ్నల్ ఎక్కడెక్కడ పోతుందో ఆ దారిన తిరిగేవారికి తెలిసినదే.